55 శాతం బాడీ లాంగ్వేజ్ అనే లెక్క ఇక చాలు, వినడం నేర్పండి

"మాటల వాటా 7 శాతమే, గొంతుది 38 శాతం, మిగతా 55 శాతం బాడీ లాంగ్వేజ్." కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసు ఎవరు చెప్పినా ఈ లెక్క ఎక్కడో ఒకచోట వచ్చి తీరుతుంది. తెర మీద రంగుల చక్రం వేసి మరీ చూపిస్తారు. ఈ లెక్క మీద నాకు చాలా కోపం ఉంది. దీన్ని నమ్మినవాళ్లు ఎదుటి మనిషి మాట వినడం మానేసి, ఆ మనిషి చేతులు, కళ్లు చూసి తీర్పులు చెప్పడం మొదలుపెడుతున్నారు.

ఒక్క నిమిషం ఆలోచించండి. 93 శాతం విషయం మాటలతో పని లేకుండానే మనకు చేరుతుంటే, రాని భాషలో ఎవరైనా అరగంట మాట్లాడినా ముఖం చూసి దాదాపు అంతా అర్థమైపోవాలి కదా. అవుతుందా? కోపంగా ఉన్నారో సంతోషంగా ఉన్నారో తెలుస్తుంది, అంతే. ఎందుకు కోపమో, ఎవరి మీదో, మన నుంచి ఏం కావాలో మాటలే చెప్పాలి.

ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు తోటి పరిశోధకులతో కలిసి 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చాయి. రెండింట్లోనూ విడి విడి పదాలే వాడారు. ఒకదాంట్లో ఒక్కో పదాన్ని రకరకాల గొంతులతో పలికించి వినిపించారు. రెండోదాంట్లో 'మేబీ' అనే ఒక్క పదాన్ని వినిపిస్తూ రకరకాల ముఖాల ఫొటోలు చూపించారు. పలికిన మనిషికి ఎదుటివాళ్లంటే ఇష్టమా, అయిష్టమా అన్నదే ప్రశ్న. అంటే మాట ఒకటి, గొంతు ఒకటి, ముఖం ఒకటి చెబుతుంటే ఇష్టాయిష్టాల విషయంలో దేన్ని నమ్ముతాం అన్నంత వరకే ఆ లెక్క. భావాల గురించి మాట్లాడే సందర్భాల్లో తప్ప ఇది పనికిరాదని మెహ్రాబియనే చెప్పాడు. ఆయన చెప్పిన హద్దుని వదిలేసి అంకెల్ని మాత్రం యాభై ఏళ్లకు పైగా మోసుకు తిరుగుతున్నారు.

దీని ఫలితం ఇంటర్వ్యూ గదుల్లో కనిపిస్తుంది. చేతులు కట్టుకున్నాడు కాబట్టి మనసు విప్పట్లేదట. కళ్లలోకి చూడలేదు కాబట్టి అబద్ధమాడుతోందట. ఆ అబ్బాయికి చలిగా ఉందేమో. ఆ అమ్మాయికి టెన్షన్‌గా ఉందేమో, లేదా జవాబు గుర్తు చేసుకోవడానికి పక్కకి చూసిందేమో. ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడటమే కష్టం. వాళ్లని ఇలాంటి అరకొర తెలివితో పక్కన పెట్టేయడం నా దృష్టిలో అన్యాయం. పైగా అబద్ధం పట్టడంలో మనకున్న నేర్పు కూడా అంతంత మాత్రమే. 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో రెండు వందలకు పైగా అధ్యయనాల్ని కలిపి చూస్తే, మనుషులు నిజాన్ని, అబద్ధాన్ని సరిగ్గా గుర్తించింది సగటున 54 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది.

అలాగని ముఖాన్నీ గొంతునీ పట్టించుకోవద్దని నేను అనట్లేదు. అవి లేకపోతే ఏమవుతుందో రోజూ మెసేజుల్లో చూస్తూనే ఉన్నాం. 2005లో జస్టిన్ క్రూగర్ బృందం ఈమెయిళ్లతో ఒక ప్రయోగం చేసింది. తాము వెటకారంగా రాశామా, మామూలుగా రాశామా అన్నది చదివేవాళ్లు 78 శాతం సార్లు పట్టేస్తారని రాసినవాళ్లు అనుకున్నారు. చదివినవాళ్లు సరిగ్గా చెప్పింది 56 శాతం. రాసేటప్పుడు మన గొంతు మనకు లోపల వినిపిస్తూనే ఉంటుంది, చదివేవాళ్లకి అక్షరాలే కనిపిస్తాయి. 'సరే' అన్న ఒక్క మెసేజ్ చూసి రాత్రంతా నిద్రపోనివాళ్లు నాకు తెలుసు.

ముఖంలో, గొంతులో వచ్చే మార్పుని మనం మరో ప్రశ్న అడగడానికి వాడుకోవాలి. అక్కడితో తీర్పు చెప్పేయకూడదు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి "బాగానే ఉన్నాను" అని గొంతు తగ్గించి అంటే, ఏదో ఉందని అర్థం. ఏముందో మాత్రం మనకి తెలియదు. "గొంతు అలా ఉందేంటి, ఏమైంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. అడగకుండా మనసులోనే కథ అల్లేసుకునేవాళ్లే నన్నడిగితే ఎక్కువ గొడవలు తెచ్చేది.

అసలు విషయానికి వస్తాను. వినడం అంటే నోరు మూసుకుని కూర్చోవడమే అని చాలామంది అనుకుంటారు. జానెట్ బావెలాస్ అనే పరిశోధకురాలి బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం చదివాక నా ఆలోచన పూర్తిగా స్థిరపడింది. త్రుటిలో ప్రమాదం తప్పిన తమ అనుభవాన్ని కొందరు చెబుతుంటారు, ఎదురుగా ఒకరు వింటుంటారు. వినేవాళ్లలో కొందరికి ఒక రహస్య పని ఇచ్చారు: చెప్పేవాళ్ల మాటల్లో 'టి' అక్షరంతో మొదలయ్యే పదాలు లెక్కపెట్టమన్నారు. అంటే ప్రతి పదమూ శ్రద్ధగా వింటున్నారు, కథ మాత్రం వినట్లేదు. సరైన చోట ఉలిక్కిపడటం, "అయ్యో" అనడం వాళ్ల వల్ల కాలేదు. దాంతో చెప్పేవాళ్ల కథే పాడైంది. సరిగ్గా ఉత్కంఠగా ఉండాల్సిన ముగింపు దగ్గర తడబడ్డారు, అప్పటికే అయిపోయిన కథని మళ్లీ మళ్లీ ముగించారు, వివరణలు ఇచ్చుకున్నారు.

అంటే ఎదుటివాళ్లు ఎంత బాగా మాట్లాడతారన్నది కొంత మన చేతిలోనే ఉంది! "మా వాడికి మాట్లాడటం రాదు" అని పిల్లల గురించి ఫిర్యాదు చేసే పెద్దల్ని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. వాడు చెబుతున్నప్పుడు మీ చూపు ఎక్కడుంది? ఫోన్ మీద ఉంటే వాడు మాట మధ్యలో తడబడక ఏం చేస్తాడు? "నీ పద్ధతి బాలేదు, ధైర్యంగా మాట్లాడు" అని వాడికే క్లాసు పీకుతాం.

వినడం కష్టమే, ఒప్పుకుంటాను. తాన్యా స్టైవర్స్ బృందం 2009లో పది భాషల్లో సంభాషణల్ని కొలిచింది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే. ఒక బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనకి సెకనులో సగం కన్నా ఎక్కువ పడుతుంది. కాబట్టి ఎదుటివాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే మన మెదడు జవాబు సిద్ధం చేసుకుంటోంది. అది సహజం. కానీ వాళ్లు నోరు తెరవగానే "ఏం చెబుతారో నాకు తెలుసు" అని నిర్ణయించేసుకుని జవాబు వండటం మొదలుపెడితే, ఇక వినేది ఏమీ ఉండదు.

"అందరూ చెప్పేదంతా వింటూ కూర్చుంటే పనులెప్పుడు అవుతాయి?" అని అడుగుతారు. డాక్టర్ల మీద జరిగిన అధ్యయనాలు చూడండి. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ పరిశీలించిన 74 సంప్రదింపుల్లో రోగి తన బాధ మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగింది 17 సార్లే. డాక్టరు అడ్డుపడేసరికి సగటున 18 సెకన్లు గడిచాయి. 1999లో అలాంటిదే మరో అధ్యయనం జరిగింది. అందులో అడ్డు తగలకుండా చెప్పనిచ్చిన రోగులు అదనంగా తీసుకున్నది సగటున 6 సెకన్లు. ఆరంటే ఆరు సెకన్లు! ఆ కాస్త సమయం ఇవ్వకపోవడం వల్ల అసలు బాధ చివర్లో, తలుపు దగ్గర నిలబడి చెప్పాల్సి వస్తుంది.

ఇంకో అలవాటు నాకు అస్సలు పడదు. "నాకు నిద్ర పట్టట్లేదు" అని ఒకరంటే, "నాకైతే మూడు నెలల నుంచి అంతే" అని రెండోవాళ్లు అందుకుంటారు. అక్కడి నుంచి కథ రెండోవాళ్లదైపోతుంది. చార్లెస్ డెర్బర్ అనే సామాజికవేత్త దీన్ని 1979లోనే వివరంగా రాశాడు. "ఎప్పటి నుంచి?" అని అడిగితే మాట చెప్పేవాళ్ల దగ్గరే ఉంటుంది. మన అనుభవం చెప్పడం తప్పని కాదు, ముందు వాళ్లది పూర్తి కానివ్వాలి. అడగని సలహా కూడా అంతే. చాలాసార్లు మనం సలహా ఇచ్చేది వాళ్ల బాధ తగ్గించడానికి కాదు, అది వింటుంటే మనకి కలిగే ఇబ్బంది తగ్గించుకోవడానికి.

ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకి నాదొక విన్నపం. ఆ రంగుల చక్రం తీసేయండి. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరు చెప్పింది రెండోవాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పమనండి. "అవును, నేను చెప్పింది అదే" అని మొదటివాళ్లు ఒప్పుకున్నాకే జవాబివ్వనివ్వండి. కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్టు లాంటివాళ్లు 1950లలోనే ఈ దారి చూపించారు. మార్కులు వేయాల్సి వస్తే స్టేజీ ఎక్కి మాట్లాడినవాళ్లతో పాటు, బాగా విన్నవాళ్లకీ వేయండి.

నిజంగా సమయం లేని రోజులుంటాయి, మనసు బాగోలేని రోజులుంటాయి. అలాంటప్పుడు ఫోన్ చూస్తూ తల ఊపకండి. "ఇప్పుడు నా బుర్ర పనిచేయట్లేదు, రాత్రి తీరిగ్గా మాట్లాడుకుందాం" అని చెప్పేయండి. రాత్రి మీరే గుర్తుపెట్టుకుని వెళ్లి, "పొద్దున ఏదో చెప్పబోయావు, ఏంటది?" అని అడగండి.