పోయినవాడికి దండ, మిగిలినవాడికి దరఖాస్తు

జవాను చనిపోతే ఏం చేయాలో మనకు బాగా తెలుసు. జెండా కప్పిన పేటిక వస్తుంది, పొలిమేర నుంచి బైక్ ర్యాలీ, కలెక్టర్, ఎమ్మెల్యే, గాల్లోకి తుపాకులు, నెల తిరక్కుండా విగ్రహానికి చందాలు. 2020లో గల్వాన్‌లో కల్నల్ సంతోష్ బాబు అమరుడైనప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. ఇవ్వాల్సిందే, ఎవరు కాదంటారు? నా గొడవ వేరే. వెన్నెముక దెబ్బతిని, నడుం కింద చచ్చుబడి, ప్రాణంతో తిరిగొచ్చినవాడికి ఏం చేయాలో మాత్రం మనకు ఇప్పటికీ తెలీదు. అతను రైలు దిగి ఆటోలో ఇంటికొస్తాడు. ఫ్లెక్సీ ఎవరూ కట్టరు. కడితే మాత్రం ఏమని రాస్తారు?

మా బంధువుల్లో ఒకాయన ఉన్నాడు, నాకు అన్న వరస. డ్యూటీ మీద వెళ్తుంటే ఆర్మీ ట్రక్కు బోల్తా పడి వెన్ను విరిగింది, ఇరవై ఏళ్లు దాటింది. మేం పండక్కి వెళ్లి పదినిమిషాలు కూర్చుని, ధైర్యంగా ఉండన్నా అని చెప్పి వచ్చేస్తాం. వదిన మాత్రం ప్రతి రెండు గంటలకూ ఆయన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, లేకపోతే పిర్రల దగ్గర పుండ్లు పడతాయి, పడితే ఆరు నెలలకు గానీ మానవు. రాత్రి కూడా అంతే, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి. మూత్రం సంచి మార్చడం, దుప్పట్లు ఉతకడం, చేత్తో దొడ్డికి పంపించడం, అన్నీ ఆవిడే. ఒకసారి మందులు ఇద్దామని వెళ్తే గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది. "నా నడుం కూడా పోయింది బాబూ, కాకపోతే నాకు మెడికల్ బోర్డు పెట్టేవాళ్లు లేరు" అంది, నవ్వుతూనే.

ఆ బోర్డు గురించి కొంచెం చెప్పాలి. సైనికుడి వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందా, కనీసం సర్వీసు వల్ల ముదిరిందా అని అందులోని డాక్టర్లు తేలుస్తారు. రెండూ కాదంటే ఫైలు మీద NANA అని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు రాస్తారు, కలిపి చదివితే 'నానా' అవుతుంది. నానా అవస్థలు అనే మాటకు ఇంతకన్నా సరైన చోటు దొరకదు. సర్వీసు వల్లే అని తేలినా మళ్లీ రెండు రేట్లు. శత్రువు తూటాకి నూరు శాతం వైకల్యం వస్తే పెన్షన్‌లో ఆ వైకల్యం కింద కలిపేది చివరి జీతంలో నూరు శాతం. డ్యూటీలో ట్రక్కు బోల్తా పడి అదే నూరు శాతం వస్తే కలిపేది 30 శాతం. తూటాకి గౌరవం ఎక్కువ ఇవ్వండి, పతకం ఇవ్వండి. కానీ పక్క మీద పడ్డాక ఇద్దరి డైపర్ల ఖర్చూ ఒకటే కదా!

అవతలి వాదన నాకు తెలీక కాదు. రిటైర్మెంట్ దగ్గరపడ్డాక బీపీ, షుగర్ చూపించి వైకల్య పెన్షన్ తీసుకునే అధికారులు ఉన్నారు, జవాన్ల కంటే అధికారుల్లో ఈ పెన్షన్ తీసుకునేవాళ్ల శాతం బాగా ఎక్కువని 2023లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా ఎత్తిచూపింది. నిజమే, వాళ్లను పట్టుకోండి. షుగర్ ఉన్న అధికారి మీద కోపం వీల్‌చెయిర్‌లో ఉన్న హవల్దార్ మీద చూపించడమే నాకు అర్థంకాదు. ఉద్యోగంలో చేరేటప్పుడు లేని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్లే అనుకోవాలని సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లోనే చెప్పింది. అయినా సైనికుల కేసులు వినే ట్రైబ్యునల్‌లో గెలిచినవాడి మీద పై కోర్టుకు వెళ్లే అలవాటు ప్రభుత్వానికి పోలేదు.

నాలుగేళ్ల సర్వీసుకు చేరే అగ్నివీర్‌ల సంగతి ఇంకా విచిత్రం. నూరు శాతం వైకల్యానికి ఒకేసారి 44 లక్షలు, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, జీతంలోంచి కూడబెట్టే సేవానిధి. నెలనెలా పెన్షన్ లేదు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు, ముందు యాభై ఏళ్లు. పెద్ద మొత్తం ఒకేసారి ఇంట్లోకి వస్తే ఏమవుతుందో మన ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. చెల్లెలి పెళ్లి, పాత అప్పు, చిట్టీ, ఎవడో చూపించిన ప్లాటు. పదేళ్లకు డబ్బు ఉండదు, కుర్రాడు ఉంటాడు.

ఈ మాటంటే వెంటనే స్ఫూర్తి కథలు చెబుతారు. 1965 యుద్ధంలో తూటాలు తిన్న మురళీకాంత్ పేట్కర్ 1972లో పారాలింపిక్స్ ఈతలో దేశానికి తొలి స్వర్ణం తెచ్చాడు కదా అని. తెచ్చాడు, పద్మశ్రీ 2018లో వచ్చింది, లెక్క మీరే వేసుకోండి. పుణె దగ్గర ఖడ్కీలో, మొహాలీలో వెన్ను దెబ్బతిన్న సైనికుల కోసం మంచి పునరావాస కేంద్రాలున్నాయి, నేను తక్కువ చేయను. కానీ మనకు పరుగెత్తే గాయపడ్డవాడే ఇష్టం. ఏ పతకమూ తేకుండా ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నవాడిని ఏం చేసుకోవాలో తోచదు.

ఇక అసలు విషయానికి వస్తా. ఇంకొకరి సాయం లేకుండా బతకలేడని బోర్డు తేల్చిన నూరు శాతం వైకల్యం ఉన్నవాళ్లకు కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్ అని ఒకటుంది. 7వ వేతన సంఘం తర్వాత అది నెలకు 6,750 రూపాయలైంది, 2024లో డీఏ 50 శాతానికి చేరాక పావు వంతు పెరిగి దాదాపు 8,440 అయింది. హైదరాబాద్‌లో పన్నెండు గంటల అటెండెంట్‌కి ఏజెన్సీవాళ్లు ఇరవై వేలకు తక్కువ చెప్పడం నేను వినలేదు. పూర్తిగా మంచాన పడ్డ పేదలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 2024 నుంచి నెలకు 15,000 ఇస్తోంది. మరి ఈ ఎనిమిది వేల చిల్లర ఏ లెక్క ప్రకారం? ఇంట్లో ఆడమనిషి ఉంది, ఎలాగూ చేస్తుంది అనే లెక్క. ఆ సొమ్ము కూడా పెన్షన్‌తో కలిసి భర్త పేరు మీదే వస్తుంది, ఆయన పోతే ఆగిపోతుంది. ఇరవై ఏళ్లు నర్సు పని చేసిన మనిషి కాగితాల్లో ఎక్కడా ఉండదు.

అమెరికాలో 2010లో చట్టం చేసి, తీవ్రంగా గాయపడ్డ సైనికుణ్ణి చూసుకునే ఇంటి మనిషికి నెలనెలా డబ్బు, శిక్షణ, బీమా లేకపోతే బీమా, ఏడాదికి కనీసం 30 రోజులు విశ్రాంతి ఏర్పాటు చేశారు. ఆ రోజుల్లో వేరే మనిషి వచ్చి చూసుకుంటాడు.

నిజానికి ఇది సైన్యంతో ఆగే సంగతి కాదు. పక్షవాతం వచ్చిన మామగారు, మతిమరుపు అత్తగారు, పుట్టుకతో కదల్లేని బిడ్డ, ఏ ఇంట్లో చూసినా వెనక ఒక ఆడమనిషి ఉంటుంది, చూడ్డానికి వెళ్లిన మనం కాఫీ తాగి "అదృష్టం, కోడలు మంచిది" అని లేస్తాం. ఫారంలో వృత్తి అన్నచోట ఆమెకు 'గృహిణి' అని రాస్తాం. ఆ చాకిరీకి ఈ దేశంలో విలువ కట్టింది ఎవరో తెలుసా, ప్రమాద పరిహారం కేసుల్లో కోర్టులు. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకు నెలకు 3,000 లెక్కగట్టింది, 2021లోనూ అదే దారిలో తీర్పు చెప్పింది. అంటే ఆమె చచ్చిపోయాక విలువ కట్టారు. జవాను విషయంలోనూ మనది ఇదే పద్ధతి అని వేరే చెప్పాలా?

ఇప్పుడు 8వ వేతన సంఘం నడుస్తోంది. ఫిట్‌మెంట్ ఎంత, డీఏ కలుపుతారా అని మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపులు మోగిపోతున్నాయి. ఈ అలవెన్స్ గురించి ఒక్క మెసేజ్ నాకు రాలేదు. దాన్ని బయట అటెండెంట్‌కి ఇచ్చే జీతంతో సమానం చేయాలి, చూసుకునే మనిషి ఖాతాలోనే వేయాలి, ఏడాదికి నెల రోజులు ఆమె బదులు మనిషిని పంపాలి. సెలవెందుకు అంటారేమో. మా వదిన పుట్టింట్లో ఆఖరిసారి రాత్రి పడుకుంది 2009లో, తమ్ముడి పెళ్లికి. ఆ రాత్రి కూడా రెండింటికి లేచి కూర్చుందట.