జ్యూరీ దాకా రాని కేసులు

టెక్సాస్‌లో మేముండే కౌంటీ కోర్టు నుంచి మూడేళ్ల కిందట నాకు సమన్లు వచ్చాయి. సిటిజన్‌షిప్ వచ్చాక జ్యూరీ డ్యూటీకి, అంటే కేసు విని నిందితుడు దోషో కాదో తేల్చే మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోవడానికి, పిలవడం అదే మొదటిసారి. ఉదయం ఎనిమిదింటికల్లా వెళ్తే 60 మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతికీ నంబరు వేసిన అట్టముక్క ఇచ్చారు. నాది 23. నిందితుడు ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్నాడు. పాతికేళ్ల కుర్రాడు. వేసుకున్న కోటు ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టుంది, చేతులు వేళ్ల దాకా దిగిపోయాయి. అతని లాయరమ్మ లేచి, వరసగా అందర్నీ ఒకటే ప్రశ్న అడుగుతూ వచ్చింది: "ఇప్పటికిప్పుడు తీర్పు చెప్పమంటే ఏం చెబుతారు?"

"ఇంకా ఏమీ వినలేదు కదా, ఎలా చెబుతాం" అన్నారు చాలామంది. నా వంతు వచ్చినప్పుడు నేనూ అదే అన్నాను. నా వెనక వరసలో ఉన్న పెద్దావిడ మాత్రం "నిర్దోషి" అన్నారు. "ఏమీ రుజువు కాలేదు కాబట్టి ఈ నిమిషానికి అతను నిర్దోషే." నాకు సిగ్గేసింది. రుజువయ్యేదాకా నిర్దోషి అన్న మాట వందసార్లు చదివినవాణ్ణి. ఎదురుగా మనిషి కూర్చునేసరికి అది గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జడ్జి వచ్చి, కేసు ముగిసింది, మీరంతా వెళ్లొచ్చన్నారు. కుర్రాడు నేరం ఒప్పేసుకున్నాడు. చాలామంది హాయిగా ఊపిరి పీల్చుకుని పార్కింగ్ వైపు నడిచారు. మా 60 మందికీ ఒక్క సాక్ష్యం కూడా చూపకుండానే అతని కేసు తేలిపోయింది.

అది ఆ ఒక్క కేసు సంగతే అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, అమెరికాలో మామూలుగా జరిగేదే అది. ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం నేరం ఒప్పుకోవడం వల్ల పడుతున్నవేనని 2012లో సుప్రీంకోర్టే రాసింది. నేటి నేరన్యాయం చాలావరకు విచారణల వ్యవస్థ కాదు, ఒప్పుకోళ్ల వ్యవస్థ అన్నారు ఆ తీర్పు రాసిన జస్టిస్ ఆంథోనీ కెనెడీ. సినిమాల్లో, టీవీల్లో మనం చూసే ఆ 12 మంది జ్యూరర్ల కుర్చీలు నిజానికి ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటాయి.

ఎందుకు ఒప్పుకుంటున్నారు? చాలామంది నిజంగానే నేరం చేసి ఉంటారు, అది వేరే సంగతి. కానీ కెంటకీలో పాల్ హేస్ కేసు చూడండి. 88 డాలర్ల 30 సెంట్ల ఫోర్జరీ చెక్కు. ఆ నేరానికి శిక్ష 2 నుంచి 10 ఏళ్లు. ఒప్పుకుంటే 5 ఏళ్లు అడుగుతాను, లేదంటే నీ పాత నేరాలు కూడా కలిపి పెద్ద కేసు పెడతాను అన్నాడు ప్రాసిక్యూటర్. హేస్ ఒప్పుకోలేదు. జ్యూరీ ముందుకు వెళ్లాడు, ఓడిపోయాడు, యావజ్జీవ శిక్ష పడింది. ఇందులో తప్పేమీ లేదని 1978లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. నేరం అదే, చెక్కు అదే. రాజ్యాంగం ఇచ్చిన హక్కు వాడుకుంటానన్నందుకు అయిదేళ్లు కాస్తా జీవితకాలమయ్యాయి. దీన్ని బేరం అనడానికి నాకు నోరు రాదు. మెడ మీద కత్తి పెట్టి అడిగితే ఎవరైనా ఒప్పుకుంటారు.

ఒప్పుకోలు ప్రతిసారీ అన్యాయమని నేననను. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేత్‌లోని ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజినీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ని "నా దేశం నుంచి పో" అంటూ కాల్చి చంపిన వాడు, మరుసటి ఏడాది మార్చిలో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 50 ఏళ్ల దాకా పెరోల్ అడగడానికి వీల్లేని యావజ్జీవ శిక్ష పడింది. ఆ కుటుంబం కోర్టులో కూర్చుని ఆ రాత్రి సంగతంతా మళ్లీ వినాల్సిన యాతన తప్పింది. అలాంటి కేసులుంటాయి. కానీ నూటికి తొంభై పైచిలుకు అదే దారి అంటే మాత్రం జ్యూరీ ఉన్నట్టా, లేనట్టా?

మనవాళ్లకు జ్యూరీ అనగానే నానావతి కేసు గుర్తొస్తుంది. 1959లో బొంబాయిలో తొమ్మిది మంది జ్యూరర్లలో ఎనిమిది మంది, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన ఆ నేవీ అధికారిని నిర్దోషి అన్నారు. పత్రికలు చదివి మామూలు జనం ఎంత తేలిగ్గా కొట్టుకుపోతారో చూశారా అని ఇప్పటికీ ఉదాహరణగా చెబుతారు. అయితే అందులోనే ఇంకో సంగతి ఉంది. జ్యూరీ మాట జడ్జికి నచ్చలేదు, కేసును హైకోర్టుకు పంపారు, అక్కడ యావజ్జీవ శిక్ష వేశారు, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మన దేశంలో జ్యూరీది ఆఖరి మాట కానక్కర్లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి దానికి చోటే లేకుండా పోయింది. అమెరికాలో అలా కాదు. క్రిమినల్ కేసులో జ్యూరీ ఒకసారి నిర్దోషి అంటే జడ్జి కాదు కదా, సుప్రీంకోర్టు కూడా దాన్ని తిరగరాయలేదు. కారణం చెప్పమని జ్యూరర్లను అడిగే అధికారం ఎవరికీ లేదు.

అంత అధికారం మామూలు మనుషుల చేతికి ఎందుకిచ్చారో ఈ మధ్య కేసు ఒకటి చూస్తే అర్థమవుతుంది. 2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఒకాయన ఫెడరల్ ఏజెంటు మీద శాండ్‌విచ్ విసిరాడు. ప్రభుత్వం దాన్ని పెద్ద నేరంగా పెట్టబోతే గ్రాండ్ జ్యూరీ, అంటే అసలు కేసు పెట్టొచ్చా లేదా తేల్చే పౌరుల బృందం, ఒప్పుకోలేదు. చిన్న నేరంగా మార్చి తెస్తే నవంబరులో జ్యూరీ నిర్దోషి అంది. ప్రభుత్వం చేతిలో పోలీసులున్నారు, లాయర్లున్నారు, డబ్బుంది. అంత బలం ముందు మామూలు మనిషి నిలబడగలిగేది ఇలాంటి చోటే.

అదే అధికారం ఘోరాలకూ కాపు కాసింది. 1955లో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి చంపినవాళ్లను అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంట పైచిలుకులో వదిలేసింది. కొన్ని నెలలకు ఆ ఇద్దరూ చంపింది మేమేనని ఒక పత్రికకు చెప్పుకున్నారు. మళ్లీ విచారించే వీల్లేదు. దీన్ని చూపి జ్యూరీని తీసేయమనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అక్కడ చెడింది జ్యూరీ అనే పద్ధతి కాదు, ఆ కుర్చీల్లోకి ఎవరిని రానిచ్చారన్నది.

ఆ వడపోత ఇప్పటికీ ఉంది. లాయర్లు కారణం చెప్పకుండానే కొంతమందిని వద్దనొచ్చు. జాతి చూసి అలా తీసేయకూడదని 1986లోనే సుప్రీంకోర్టు చెప్పినా, మిసిసిపీలోనే కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి మనిషిని ఒకే కేసులో ఆరుసార్లు విచారించారు. ఆ ఆరు విచారణల్లో తీసేయడానికి వీలున్న 42 మంది నల్లజాతి జ్యూరర్లలో 41 మందిని ప్రాసిక్యూషన్ తీసేసింది. ఆరోసారి తీసేసిన అయిదుగురు నల్లజాతివాళ్లను 145 ప్రశ్నలు అడిగారు. కుర్చీల్లో కూర్చోబెట్టిన 11 మంది తెల్లవాళ్లను అందర్నీ కలిపి అడిగినవి 12. ఆ శిక్షను 2019లో సుప్రీంకోర్టు కొట్టేసింది, మరుసటి ఏడాది కేసే ఎత్తేశారు. అప్పటికి ఆయన జీవితంలో 20 ఏళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయాయి.

లూసియానాలో ఇంకో దారి పట్టారు. 1898లో, నల్లవాళ్లు జ్యూరీలో కూర్చున్నా వాళ్ల మాట చెల్లకుండా, అందరూ ఏకమవ్వక్కర్లేదని రూలు పెట్టుకున్నారు. 12 మందిలో ఇద్దరు కాదన్నా శిక్ష పడే పద్ధతి చివరికి 2020 దాకా సుప్రీంకోర్టులో నిలబడింది. ఆ ఏడాది కొట్టేశారు గానీ, అప్పీళ్లన్నీ అప్పటికే అయిపోయినవాళ్లకు ఈ తీర్పు వర్తించదని 2021లో అదే కోర్టు చెప్పింది. తప్పు పద్ధతని ఒప్పుకుని, ఆ పద్ధతిలో లోపలికి వెళ్లినవాళ్లను లోపలే ఉంచడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

సరిచేయడం కష్టమేమీ కాదు. అరిజోనా 2022 నుంచి కారణం చెప్పకుండా తీసేసే పద్ధతినే ఎత్తేసింది. అక్కడ కోర్టులేమీ ఆగిపోలేదు. ఒప్పుకోనన్నందుకు కేసు బరువు పెంచకూడదని చట్టం చేయడం ఇంకా మిగిలే ఉంది.

మన వాట్సాప్ గ్రూపుల్లో "జ్యూరీ డ్యూటీ ఎలా తప్పించుకోవాలి" అని అడగడం చూస్తుంటాను. హెచ్-1బి మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు అర్హతే లేదు, ఆ సంగతి ఫారంలో రాసి పంపితే సరిపోతుంది. సిటిజన్లయినవాళ్లు అడిగినప్పుడే నాకు బాధేస్తుంది. టెక్సాస్‌లో మొదటిరోజుకు 20 డాలర్లు, తర్వాత రోజుకు 58 ఇస్తారు. రోజు కూలి మీద బతికేవాళ్లకు అది నిజంగానే దెబ్బ. జీతం కోయని కంపెనీల్లో పనిచేసే మనకు ఏం నష్టం?

పోయిన వారం మా ఆవిడకు సమన్లు వచ్చాయి. ఆఫీసులో డెడ్‌లైన్ టెన్షన్, వాయిదా అడగనా అంది. ఆ పెద్దావిడ సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, ఆ రోజు పిల్లల్ని స్కూలు నుంచి నువ్వు తీసుకొస్తావా అని అడిగింది.