జట్టును మార్చమని పిలిచారు, మారుస్తుంటే పంపేశారు

2012 ఫిబ్రవరి 21. నేపుల్స్‌లో నాపోలీతో, యూరప్ అగ్రశ్రేణి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో ప్రిక్వార్టర్స్ తొలి అంచె, అంటే రెండు మ్యాచ్‌ల పోరులో మొదటిది. లండన్ క్లబ్ చెల్సీ తుది జట్టు ప్రకటించేసరికి అభిమానులు పేర్లు రెండోసారి చదువుకోవాల్సి వచ్చింది. ఫ్రాంక్ లాంపార్డ్ లేడు. యాష్లీ కోల్ లేడు. మైకేల్ ఎసియన్ లేడు. ముగ్గురూ బెంచ్ మీద ఉన్నారు. ఆట మొదలైన కాసేపటికే బోసింగ్వా గాయపడి బయటికి రావడంతో కోల్‌ను దింపక తప్పలేదు. మాటా గోల్‌తో చెల్సీయే ముందంజ వేసినా, లవెజ్జీ రెండు, కవానీ ఒకటి కొట్టి 3-1తో నాపోలీని గెలిపించారు. ఆఖర్లో నాలుగో గోల్ కూడా పడాల్సిందే. గీత దాటబోతున్న ఆ బంతిని బయటికి తన్నినవాడు కోల్. ఆ రోజు ఆరంభంలో మేనేజర్ అక్కర్లేదనుకున్న ఆటగాడు.

పన్నెండు రోజుల తర్వాత మేనేజర్, అంటే ప్రధాన కోచ్, ఆంద్రే విల్లాస్-బోయాస్ ఉద్యోగం పోయింది. రెండున్నర నెలల తర్వాత అదే లాంపార్డ్, అదే కోల్, వాళ్ల తోటి సీనియర్ స్ట్రైకర్ డ్రోగ్బా మ్యూనిక్‌లో ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తారు.

కొత్త మేనేజర్ పద్ధతులకు, పాత ఆటగాళ్లకు పొసగని ప్రతి సందర్భంలోనూ ఈ కథను ఒక రుజువుగా చూపిస్తుంటారు. సీనియర్లదే ఒప్పు, అనుభవం లేని కుర్ర మేనేజర్‌దే తప్పు అని ఒక వర్గం అంటుంది. ఆటగాళ్లు ముఠా కట్టి మేనేజర్‌ను సాగనంపారని ఇంకో వర్గం. రెండూ నాకు నచ్చవు. విల్లాస్-బోయాస్ కనిపెట్టిన జబ్బు నిజమైనదే. మందు ఇచ్చిన వరుస తప్పింది. ఆ తప్పులో పెద్ద వాటా అతణ్ని పిలిపించిన యాజమాన్యానిది.

అతను వచ్చేనాటి పరిస్థితి చూడాలి. 2010లో లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిపించిన కార్లో అన్సెలోట్టిని, మరుసటి ఏడాది రెండో స్థానంలో నిలిచిన పాపానికి చెల్సీ తప్పించింది. ఆ స్థానంలోకి పోర్టో నుంచి 33 ఏళ్ల విల్లాస్-బోయాస్‌ను తెచ్చుకోవడానికి కోటిన్నర యూరోలు కట్టింది. అంతకుముందు సీజన్‌లో అతని పోర్టో ఒక్క ఓటమి కూడా లేకుండా పోర్చుగల్ లీగ్ గెలిచింది, యూరోపా లీగ్ గెలిచింది, దేశవాళీ కప్ కూడా పట్టుకెళ్లింది. యజమాని రోమన్ అబ్రమోవిచ్‌కు కావలసింది స్పష్టం: వయసు మీదపడుతున్న జట్టును కొత్తతరంతో నింపాలి, బంతిని ముందుండి లాక్కునే చురుకైన ఆట ఆడించాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క. విల్లాస్-బోయాస్ పుట్టింది 1977 అక్టోబరులో. డ్రోగ్బా 1978 మార్చిలో, లాంపార్డ్ అదే ఏడాది జూన్‌లో. అంటే తన జట్టులోని పెద్ద తలకాయల కన్నా మేనేజర్ కొన్ని నెలలే పెద్ద. పైగా అతను ఆ ఆటగాళ్లకు కొత్తవాడు కాడు. మౌరినో తొలిసారి చెల్సీని నడిపిన రోజుల్లో ప్రత్యర్థి జట్ల ఆటను గమనించి నివేదికలు తయారుచేసిన సహాయకుడు అతనే. నిన్న పక్కన కూర్చుని కాగితాలు అందించిన మనిషి ఇవాళ తుది జట్టులోంచి పేరు కొట్టేసే మనిషి అయ్యాడు. ఏ ఆఫీసులోనైనా ఇలాంటి మార్పు అరగడానికి కొంత కాలం పడుతుంది. ఫుట్‌బాల్‌లో శనివారం శనివారానికీ ఫలితం అడుగుతారు కాబట్టి ఆ కాలం దొరకదు.

గొడవ మొదట మొదలైంది రొటేషన్ (మ్యాచ్ మ్యాచ్‌కీ ఆటగాళ్లను మార్చి ఆడించడం) దగ్గర కాదు, మైదానంలో నిలబడే చోటు దగ్గర. డిఫెండర్లు తమ గోల్‌కు దూరంగా, మధ్యగీత వైపు జరిగి నిలబడాలన్నది కొత్త పద్ధతి. దీనివల్ల జట్టంతా దగ్గరదగ్గరగా ఉంటుంది, బంతి పోయిన వెంటనే తిరిగి లాక్కోవచ్చు. కానీ దీనికి రెండు షరతులున్నాయి. ముందున్న వాళ్లు ప్రత్యర్థిని ఊపిరాడనివ్వకుండా తరమాలి. తరమడంలో ఒక్క అడుగు ఆలస్యమై బంతి వెనక్కి పడితే, డిఫెండర్లకు వెనుదిరిగి పరుగెత్తే వేగం ఉండాలి. డిఫెండర్ జాన్ టెర్రీ గొప్పతనం అంతా తన పెనాల్టీ ప్రాంతంలో, ఎదురుగా వచ్చే బంతిని చదవడంలో ఉంది. ఏళ్ల తరబడి ఆ జట్టును నిలబెట్టింది అదే. వెనక గోల్‌కీపర్ పెట్ర్ చెక్, అతని ముందు టెర్రీ, అవతలి కొసన ఒంటరిగా డ్రోగ్బా. అలాంటి మనిషిని తీసుకెళ్లి, వెనక ముప్పై నలభై గజాల ఖాళీ వదిలి నిలబెట్టారు. 2011 అక్టోబరు 29న సొంత మైదానంలో ఆర్సెనల్ చేతిలో 3-5 ఓటమి ఆ ఖాళీలోంచే వచ్చింది. వాన్ పెర్సీ హ్యాట్రిక్‌లో రెండో గోల్‌కు ముందు టెర్రీ జారిపడిన దృశ్యం ఇప్పటికీ చూపిస్తుంటారు. అతని కాలు జారడం ప్రమాదమే. కానీ అంత ఖాళీకి అడ్డంగా ఒక్కడే నిలవాల్సి రావడం మేనేజర్ నిర్ణయం.

మార్పుకు తగిన మనుషులు వచ్చారా అంటే, మాటా వచ్చాడు. బాగా ఆడాడు. మధ్యలో ఆట నడిపించడానికి కోరుకున్న లూకా మోడ్రిచ్‌ను టోటెన్‌హమ్ అమ్మనే లేదు. డిఫెన్స్‌కు గ్యారీ కేహిల్ దొరికింది సగం సీజన్ అయ్యాక, జనవరిలో. పద్ధతి జులైలోనే మారిపోయింది, ఆ పద్ధతికి సరిపోయే మనుషులు మాత్రం విడతలు విడతలుగా వచ్చారు, కొందరు రానేలేదు. మధ్యలో మిగిలిన ఆర్నెల్లూ పాత ఆటగాళ్లు తమకు చేతకాని పనిని వారం వారం అందరి ముందూ చేస్తూ పరువు పోగొట్టుకున్నారు. వాళ్ల కోపానికి మూలం అహంకారమని తేలిగ్గా అంటాం. నాకైతే అందులో భయం ఎక్కువ కనిపిస్తుంది. పదేళ్లు కష్టపడి సంపాదించిన పేరు, తనది కాని ఆటలో కరిగిపోతుంటే ఎవరికైనా భయం వేస్తుంది.

రొటేషన్ ఆ తర్వాత వచ్చింది. రొటేషన్ అవసరమే లేదని నేను అనడం లేదు. ఆ సీజన్‌లో చెల్సీ అన్ని టోర్నీలూ కలిపి 60కి పైగా మ్యాచ్‌లు ఆడింది. మూడు రోజులకో మ్యాచ్ పడితే 33 ఏళ్ల కండరం కోలుకోదు. ఇది ఆటగాళ్లకూ తెలుసు. విశ్రాంతి ఇచ్చినందుకు ఎవరూ అలగరు. తనను పక్కన పెట్టింది ఈ వారానికా, ఎప్పటికీనా అన్నది తెలియకపోతేనే అలుగుతారు. శనివారం చిన్న జట్టు మీద ఆడించి, మంగళవారం పెద్ద మ్యాచ్‌కు కూర్చోబెడితే దాన్ని ఏ సీనియరూ విశ్రాంతి అనుకోడు. 2011 డిసెంబరు 12న మాంచెస్టర్ సిటీ మీద లాంపార్డ్‌ను ఆలస్యంగా దింపారు. వచ్చీ రాగానే పెనాల్టీ కొట్టి 2-1తో గెలిపించాడు. ఆ సీజన్ లీగ్‌లో సిటీకి అదే తొలి ఓటమి. అయినా అతని చోటు ఖాయం కాలేదు. మేనేజర్‌తో సంబంధాలు సజావుగా లేవని ఫిబ్రవరికల్లా లాంపార్డే మీడియా ముందు ఒప్పుకున్నాడు. అంతకుముందే, క్లబ్ మారతామని అడిగిన అనెల్కా, అలెక్స్‌లను మొదటి జట్టు సాధనలోంచి కూడా తప్పించారు. పొమ్మనలేక పొగబెట్టడం ఒక పద్ధతైతే, పోతామన్నవాళ్లను గుమ్మం బయట నిలబెట్టడం ఇంకో పద్ధతి. లోపల ఉన్నవాళ్లంతా దాన్ని చూశారు, తమ వంతు ఎప్పుడో అని లెక్కలు వేసుకున్నారు.

ఆటగాళ్లు తన ప్రణాళికను బలపరచనక్కర్లేదు, యజమాని బలపరిస్తే చాలు అన్న అర్థంలో విల్లాస్-బోయాస్ ఫిబ్రవరిలో బహిరంగంగానే మాట్లాడాడు. నా దృష్టిలో అతని అసలు ఓటమి నాపోలీలో కాదు, ఈ మాటలో ఉంది. మైదానంలో పరుగెత్తాల్సింది యజమాని కాదు. ఆ యజమాని అండ కూడా మార్చి 4 దాకానే నిలిచింది. వెస్ట్ బ్రామ్ చేతిలో 0-1తో ఓడిన మర్నాడే వేటు పడింది.

ఇదే తప్పును మరో రూపంలో డేవిడ్ మోయెస్ చేశాడు. 2013లో ఫెర్గూసన్ తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ పగ్గాలు అందుకుని, అప్పటిదాకా రోజూ సాధన చేయించిన ఫీలన్, మ్యూలెన్‌స్టీన్, స్టీల్‌లను వదులుకుని తన పాత ఎవర్టన్ బృందాన్ని తెచ్చుకున్నాడు. ఆటగాళ్లకు తెలిసిన గొంతులన్నీ ఒక్కసారే మాయమయ్యాయి. మ్యాచ్ ముందు రోజు తినే బంగాళాదుంప చిప్స్ కూడా ఆపేశాడని రియో ఫెర్డినాండ్ తర్వాత రాసుకున్నాడు. చిప్స్ సంగతి చిన్నదే, కానీ తమను ఛాంపియన్లను చేసిన అలవాట్లలో ఏదీ మిగలడం లేదన్న భావన ఇలాంటి చిన్నవాటితోనే బలపడుతుంది. ఆరేళ్ల ఒప్పందం మీద వచ్చినవాడు పది నెలలు తిరక్కుండానే వెళ్లిపోయాడు. అంతకుముందు ఏడాది 89 పాయింట్లతో టైటిల్ గెలిచిన జట్టు 64తో ఏడో స్థానానికి పడిపోయింది.

క్లాడియో రానియెరి దీనికి పూర్తిగా ఎదురు. చెల్సీలో ఉన్నప్పుడు జట్టును ఊరికే కెలుకుతాడన్న పేరు మోశాడు. 2004లో మొనాకోతో సెమీఫైనల్ తొలి అంచెలో ప్రత్యర్థి పది మందికి తగ్గాక కూడా ఒకదాని మీద ఒకటి మార్పులు చేసి 1-3తో ఓడాడు. అదే మనిషి 2015లో లెస్టర్‌కు వచ్చినప్పుడు, పాత మేనేజర్ హయాంలోని సహాయకులు షేక్స్‌పియర్‌నీ, వాల్ష్‌నీ అట్టేపెట్టుకున్నాడు. అంతకుముందు సీజన్ ఆఖర్లో దిగువ లీగ్‌కు పడిపోకుండా బయటపడ్డ ఆ జట్టు ఊపును చెడగొట్టలేదు. కొద్ది మార్పులతో దాదాపు అదే పదకొండు మందిని దింపుతూ పోయి లీగ్ గెలిచాడు. లెస్టర్‌కు ఆ ఏడాది యూరప్ పోటీలు లేకపోవడం వల్ల రొటేషన్ అవసరమూ తక్కువే, నిజమే. అయినా అరవై దాటిన వయసులో తన పాత అలవాటునే వదులుకున్న మేనేజర్‌ను నేను గౌరవిస్తాను.

అలాగని సీనియర్ల జోలికి ఎవరూ వెళ్లకూడదని కాదు. 2008లో గార్డియోలా బార్సిలోనా పగ్గాలు పట్టిన మొదటి వేసవిలోనే రొనాల్డినో, డెకో వెళ్లిపోయారు. స్ట్రైకర్ శామ్యూల్ ఎటో కూడా తన ప్రణాళికలో లేడని గార్డియోలా చెప్పాడు. ఆ ఆటగాడు క్లబ్ వదిలి వెళ్లకుండా ఉండి, సాధనలో కష్టపడి చోటు సంపాదించుకుంటే గార్డియోలా మనసు మార్చుకున్నాడు. లీగ్‌లో మొదటి మ్యాచ్ నుమాన్సియా చేతిలో ఓటమి, రెండోది డ్రా. చెల్సీలోనైతే అప్పటికే గుసగుసలు మొదలయ్యేవి. అక్కడ యాజమాన్యం కదల్లేదు. ఆ ఏడాది మూడు ప్రధాన కప్పులూ బార్సిలోనావే. వెళ్లాల్సినవాళ్లెవరో సీజన్ మొదలుకాకముందే, ముఖం మీదే చెప్పడం ఇక్కడ కీలకం. చెల్సీలో ఆ పని జులైలో చేయాల్సింది. డిసెంబరు దాకా లాగారు.

చేతకాని పని చెప్తే ఆటగాళ్లు ఎప్పుడూ ఎదురు తిరుగుతారా అంటే, మన హైదరాబాద్ రహీమ్ సాబ్ గుర్తొస్తాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఏకంగా ముందువరుసలో ఆడించాడు. దక్షిణ కొరియాతో ఫైనల్లో 2-1తో గెలిచిన భారత్‌కు ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. అలవాటు లేని చోట నిలబడమని అడిగితే ఆ ఆటగాడు అవమానంగా తీసుకోలేదు. అప్పటికి పన్నెండేళ్లుగా జాతీయ జట్టును తీర్చిదిద్దుతున్న మాస్టారు అడిగాడు కాబట్టి ఒప్పుకున్నాడు. ఆ పన్నెండేళ్లు విల్లాస్-బోయాస్‌కు లేవు, ఎనిమిది నెలలే ఉన్నాయి.

మళ్లీ చెల్సీ దగ్గరికి. తాత్కాలికంగా పగ్గాలు అందుకున్న డి మాటియో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. డిఫెన్స్‌ను వెనక్కి జరిపాడు, పెద్దవాళ్లను వాళ్ల చోట్లలో నిలబెట్టాడు. నాపోలీ మీద రెండో అంచెలో అదనపు సమయం దాకా వెళ్లి 4-1తో గెలిచారు. డ్రోగ్బా, టెర్రీ, లాంపార్డ్ తలో గోల్ కొట్టారు, ఇవనోవిచ్ ముగించాడు. మ్యూనిక్ ఫైనల్లో బేయర్న్ మీద 88వ నిమిషంలో డ్రోగ్బా తలతో స్కోరు సమం చేసిన క్షణం చూసి కదలని ఫుట్‌బాల్ అభిమాని ఉండడు. ఆ విజయం నిజం. కానీ అదే సీజన్‌లో లీగ్‌లో వాళ్లది ఆరో స్థానం. మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్‌లో గ్రూపు దశలోనే ఇంటికొచ్చారు. డిఫెండింగ్ ఛాంపియన్‌కు అలా జరగడం ఆ టోర్నీలో అదే మొదటిసారి. డి మాటియోను 2012 నవంబరులోనే తీసేశారు. జట్టుకు కొత్త నెత్తురు కావాలన్న విల్లాస్-బోయాస్ మాట తప్పు కాదని ఆ నవంబరు చెప్పింది. కప్పు మెరుపులో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లో ఐదుగురు సబ్‌స్టిట్యూట్లను దింపొచ్చు. మ్యాచ్‌లు పెరిగాయి, రొటేషన్ ఇంకా పెరిగింది. ప్రతి సీజన్‌లోనూ ఏదో ఒక క్లబ్‌లో ఒక స్టార్ ముఖం మాడ్చుకుని బెంచ్ మీద కూర్చోవడం, కెమెరాలు ఆ ముఖం మీదే నిలవడం చూస్తున్నాం. అప్పుడు మనం ఆ ఆటగాడినో, మేనేజర్‌నో తిడతాం. వాళ్లిద్దరినీ ఒకే గదిలో పెట్టి, ఒకరికి జట్టును మార్చమనీ, ఇంకొకరికి నీ చోటు పదిలమనీ చెప్పినవాళ్లను మాత్రం అడగం.

విల్లాస్-బోయాస్ 2024లో పోర్టో క్లబ్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఇప్పుడు మేనేజర్లను నియమించే కుర్చీ అతనిది. తాను నియమించిన మొదటి మేనేజర్ విటోర్ బ్రూనోను 2025 జనవరిలో తప్పించాడు. తర్వాత వచ్చిన మార్టిన్ అన్సెల్మిని ఆ వేసవిలోనే తప్పించాడు. ఒక్కొక్కరికీ దక్కినవి నెలలే, చెల్సీ ఒకప్పుడు అతనికి ఇచ్చినంత కూడా కాదు. ఆ వార్తలు చదివినప్పుడు నాకు అతని మీద కోపం రాలేదు, బాధ కలిగింది. కుర్రాడిగా ఉన్నప్పుడు తనకు దొరకని సమయాన్ని ఇంకొకరికి ఇవ్వగలిగే మనిషి ఎవరైనా ఉంటే అది అతనే అనుకున్నాను.