డీఎల్‌సీ లేకపోతే సగం ఆటేనా?

"డీఎల్‌సీ కొనకపోతే ఆట సగమే ఆడినట్టు" అని వీడియో గేమ్‌ల మీద ఒక వ్యాసంలో రాశారు. డీఎల్‌సీ అంటే ఆటకి విడిగా అమ్మే అదనపు భాగం. అన్ని ఆటలకీ ఆ మాట చెల్లదండీ. విచర్ 3 అసలు కథ దానంతట అదే పూర్తవుతుంది. ఎల్డెన్ రింగ్ కూడా అంతే. పైగా 2024లో వచ్చిన దాని డీఎల్‌సీ షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీలో అడుగుపెట్టాలంటే ముందు అసలు ఆటలోని రడాన్, మోగ్ అనే పెద్ద శత్రువుల్ని ఓడించాలి. ఆట మొదలెట్టిన రోజే కొన్నా అది మూలన పడుండేదే. నిజంగా వెలితి ఉండేది డ్రాగన్ ఏజ్ ఇంక్విజిషన్‌లో. కథకి అసలు ముగింపు ట్రెస్‌పాసర్ అనే డీఎల్‌సీలో ఉంది. ముగింపుని విడదీసి అమ్మడం ఆడేవాళ్ళకి అన్యాయమే.

మన వైజాగ్‌లో చిక్కు ఇంకోటుంది. ద్వారకానగర్‌లోనో జగదాంబ దగ్గరో సెకండ్‌హ్యాండ్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4) డిస్కు తీసుకునేవాళ్ళు రీజియన్, అంటే అది ఏ ప్రాంతం కోసం చేసిన డిస్కో, చూసుకోవాలి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన డిస్కుకి ఇండియా అకౌంట్‌లో డీఎల్‌సీ కొంటే డౌన్‌లోడ్ అవుతుంది గానీ ఆటలో కనబడదు. కవరు అంచు మీద 'సీయూఎస్ఏ' అక్షరాల పక్కన ఐదంకెల నంబరు ఉంటుంది. ప్లేస్టేషన్ స్టోర్‌ని బ్రౌజర్‌లో తెరిస్తే ఆ డీఎల్‌సీ పేజీ అడ్రసులోనూ అలాంటి నంబరే ఉంటుంది. రెండూ కలిస్తేనే డబ్బు కట్టండి, తర్వాత రీఫండ్ కోసం తిరగడం మహా విసుగు. పెట్టెలో డీఎల్‌సీ కోడ్ కాగితం ఉంటే అది ఒక్కసారే పనిచేస్తుంది, పాత ఓనరు వాడేసి ఉంటాడు. సైబర్‌పంక్ పీఎస్4 డిస్కు మీద ఆశ పెట్టుకున్నవాళ్ళకి ఒక మాట: దాని డీఎల్‌సీ ఫాంటమ్ లిబర్టీ పీఎస్4కి రాలేదు.