నీలి టోపీ చార్టర్‌లో లేదు

ఐక్యరాజ్యసమితి ఆశయాలు కాగితాలకే పరిమితమని, దాని శాంతి దళాలూ అంతేనని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. సగం ఒప్పుకుంటాను. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో సంతకాలైన సమితి మూల ఒప్పందం, అంటే చార్టర్‌లో శాంతి పరిరక్షక దళాల ప్రస్తావనే లేదు. సభ్య దేశాలు భద్రతా మండలికి సైన్యం అప్పగించాలన్న 43వ అధికరణం ఉంది గానీ, పెద్ద దేశాలకు పొసగక అది అలాగే పడి ఉంది. నీలి టోపీలు పెట్టుకునే ఈ శాంతి దళాలు 1956లో, సూయజ్ కాలువ గొడవప్పుడు, అవసరం కొద్దీ పుట్టుకొచ్చాయి.

మా శ్రీకాకుళం వైపు మిలటరీకి వెళ్లినవాళ్లు చాలామందే. మా వీధిలో రిటైరైన హవల్దార్ మావయ్య శాంతి దళంలో కాంగో వెళ్లినప్పుడు పెట్టుకున్న నీలి టోపీ ఇప్పటికీ గోడ మేకుకి వేలాడుతోంది. "తుపాకీ ఇచ్చారు గానీ, ముందు మనం కాల్చకూడదు బాబూ. అదే పెద్ద టెన్షన్" అంటాడు. భద్రతా మండలిలో వీటో పట్టుకుని కూర్చున్న అయిదు దేశాల్ని ఎంతైనా తిట్టండి. ఇలాంటివాళ్లను కూడా అదే గాటన కట్టేయడం మాత్రం నాకు నచ్చలేదు.