కరిచేదాకా మాది, కరిచాక వీధిది

పర్లాకిమిడిలోనైనా, గుణుపురంలోనైనా, బరంపురం తెలుగు వీధుల్లోనైనా కుక్క కరిచిన మర్నాడు వినిపించే మాట ఒకటే: “అది మాది కాదండీ, వీధి కుక్క. ఏదో జాలిపడి ఇంత అన్నం పెడతాం.” నిన్నటిదాకా దానికి పేరుంది, పడుకోవడానికి అరుగుంది, మెడలో పట్టీ ఉంది. పంటిగాటు పడగానే అది ఎవరిదీ కాకుండా పోతుంది.

ఈ సగం పెంపకమే ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మన ఊళ్లకు పెద్ద చిక్కు. అచ్చంగా వీధి కుక్కయితే మున్సిపాలిటీని నిలదీస్తాం. గొలుసు కట్టిన కుక్కయితే యజమాని గేటు దగ్గరే దొరుకుతాడు. ఈ రెండింటి నడుమ తిరిగేదాని విషయంలోనే అందరూ చేతులు దులుపుకుంటారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ మాత్రం ‘ఆధీనంలో ఉన్న జంతువు’ అంటుంది. దానివల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు ఉండొచ్చని తెలిసి గానీ, నిర్లక్ష్యంతో గానీ తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దానికి ముందున్న ఐపీసీ (భారత శిక్షాస్మృతి)లో జరిమానా 1,000 దాటేది కాదు. పేరు పెట్టి, రోజూ తిండి పెట్టి, రాత్రి కాపలాకు వాడుకున్నవారికి ‘ఆధీనం’ అన్న మాట వర్తించాలన్నది మా అభిప్రాయం. ఎప్పుడో ఓ ముద్ద విసిరినవారిని స్టేషన్‌కు ఈడ్వమని మేం అనడం లేదు.

గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు తగిలిస్తే బాధ్యత తీరిపోయిందనుకునేవారూ ఉన్నారు. కుక్క కరుస్తుందని ఇంటివాళ్లకు ముందే తెలుసని ఆ బోర్డే సాక్ష్యం చెబుతుంది కదా!

ఇక పెద్దమనుషుల రాజీ. “సూదుల ఖర్చు ఇచ్చేస్తాం” అంటారు. సర్కారు ఆసుపత్రిలో రేబిస్ టీకా సూదులు ఉచితం కాబట్టి ఇచ్చేదేమీ ఉండదు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో వెళ్లాలి. కండకు వేస్తే ఐదుసార్లు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. చర్మం చీలి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోగా రక్షణ ఇచ్చే మందు) కూడా వేయాలి. అది దగ్గర్లో దొరక్కపోతే బరంపురం మెడికల్ కాలేజీ దాకా ప్రయాణం. ఈ బస్సు చార్జీలు, పోయిన కూలి, పడ్డ బాధ అన్నిటికీ సివిల్ కోర్టులో పరిహారం అడగొచ్చు. టికెట్లు, ఆసుపత్రి చీటీలు పారేయకండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారన్న భయం ఇంకా కొందరిని పసరు వైద్యానికి తోలుతోంది. ఆ పాత టీకాను మన దేశం 2004లోనే ఆపేసింది. ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం పూయకూడదు.

కరిచిన కుక్కను రాత్రికి రాత్రే ఊరు దాటించడం అన్నిటికన్నా ఘోరం. సూదులు వెంటనే మొదలుపెట్టాల్సిందే. అయినా పది రోజులు కుక్కను కళ్లెదుట ఉంచుకుంటే దానికి రేబిస్ ఉందో లేదో తేలుతుంది. అది ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదుల సంగతి డాక్టరే చెబుతారు. దాన్ని మాయం చేసినవాడు కరిపించుకున్నవాడికి ఆ ఊరట కూడా దక్కనివ్వడు.

పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం, అంటే ఇంకో రాష్ట్రం, ఇంకో పోలీసులు. “మా పరిధి కాదు” అని వెనక్కి పంపితే ఒప్పుకోవద్దు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా నమోదు చేసే ఫిర్యాదు) రాసుకోవాలని, పోలీసు, కోర్టు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఒడియా రాయడం రాకపోయినా పర్వాలేదు. నోటితో చెబితే వాళ్లే రాసి, చదివి వినిపించి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. పరిహారం దావాను కరిచిన చోటైనా, ప్రతివాది ఉండే చోటైనా వేసుకోవచ్చు.

పెంపుడు జంతువుకు టీకాలు వేయించే బాధ్యత యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఉంది. యజమాని ఎవరో కాగితం మీద లేకపోతే అడిగేది ఎవరిని? సెప్టెంబర్ 28న, ప్రపంచ రేబిస్ దినం నాడు జరిగే టీకా శిబిరాల్లోనే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మున్సిపాలిటీలు ఒక రిజిస్టరు తెరవాలి. ఇంటి నంబరు, టీకా తేదీ రాసుకుని కుక్క మెడకు నంబరు బిళ్ల కట్టాలి. ఆ రోజు రానివాళ్ల ఇళ్లకు సిబ్బందే వెళ్లాలి. పాతపట్నంలోనూ ఇదే పని జరిగితే, వంతెనకు ఏ పక్కన కరిచినా అది ఎవరి కుక్కో బిళ్ల చూసి చెప్పొచ్చు.