బాపు ఇగుర్లలో నెత్తురు

పోయినేడాది ఇక్కడ, పరాయి దేశంలో, మన సంఘం చేసిన సద్దుల బతుకమ్మ నాడు జరిగింది మీలో చాలామంది చూసే ఉంటారు. పేర్చిన బతుకమ్మలన్నీ స్కూల్ జిమ్ మధ్యలో పెట్టాం, ఆట ఇంకా మొదలు కాలేదు. కమిటీ వాళ్ళు మొదటిసారి హెల్త్ డెస్క్ పెట్టారు. బీపీ, షుగర్ టేబుల్ పక్కనే పళ్ళ పరీక్ష. డెంటిస్టు ఒక్కరే, లైను మాత్రం గోడ దాకా ఉంది. అందులో ఎక్కువమంది ఊరి నుంచి వచ్చిన మన అమ్మానాన్నలే. మా బాపు కూడా ఉన్నాడు. అప్పుడే మైకులో ఒక తమ్ముడు, "బీడీ బ్యాచ్ చివర్ల రావాలె, లేకుంటే డాక్టరుగారికి మాస్కులు సరిపోవు" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను తిరిగి చూసేసరికి బాపు లైన్లో లేడు. పార్కింగులో మా కారు పక్కన, కండువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మలీద, సత్తుపిండి పంచేటప్పుడు పిలిచినా లోపలికి రాలేదు.

ఆ తమ్ముడు చెడ్డవాడు కాదు, పండుగ పనులన్నీ భుజాన వేసుకునే మనిషి. కానీ ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మాది పరకాల దగ్గర పల్లె. బాపుకు పదహారో ఏట బీడీ అలవాటైంది. పొద్దున లేస్తే వేపపుల్ల, ఆ వెంటనే బీడీ. అది పడితే గానీ దొడ్డికి రాదంటాడు. రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక బాయికాడ మోటారు దగ్గర పడిగాపులు పడ్డ రోజుల్లో ఆయనకు తోడు ఆ బీడీయే. మా పెద్దమ్మ కోరుట్లలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసేది. తడిపిన తునికాకును కత్తెరతో కోసి, చిటికెడు తంబాకు వేసి చుట్టి, దారం కట్టి పక్కన పడేసేది. ఆ వేళ్ళు ఎప్పుడు కదిలాయో కనబడేది కాదు. ఆ పైసలతోనే ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళు చేసింది. ఆ వాసన వస్తే నాకు ఎండాకాలం సెలవులే గుర్తొస్తాయి. బీడీని తిట్టడానికి నాకు నోరు రాదు, కానీ అది చేసిన పని చెప్పక తప్పదు.

బాపుకు ఒక గర్వం ఉండేది. "అరవై ఎనిమిదేండ్లొచ్చినయి, నా ఇగుర్లల్ల ఒక్క సుక్క నెత్తురు చూడలె" అనేవాడు. ఇగుర్లంటే చిగుళ్ళు. మేమూ నమ్మాం. బ్రష్ చేస్తే అమ్మకు నెత్తురు వచ్చేది, వెంటనే హన్మకొండ తీసుకుపోయి చూపించాం. బాపుని ఎవరమూ తీసుకుపోలేదు.

బతుకమ్మ అయిన మరుసటి వారం బతిమాలి ఇక్కడ ఒక డెంటిస్టు దగ్గర కూర్చోబెట్టాను. గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరాన్ని పంటికీ చిగురుకూ మధ్య సందులో దింపుతూ ఆమె అంకెలు చెబుతుంటే, పక్కమ్మాయి కంప్యూటర్లో కొడుతోంది. మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఏడు. మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదట. ఏడు దాకా దిగినా ఆ పుల్లకు నెత్తురు అంటలేదు. ఎక్స్‌రేలో కింది ముందు పళ్ళ చుట్టూ ఎముక సగానికి సగం కరిగిపోయి ఉంది.

నికోటిన్ చిగుళ్ళలోని సన్నటి రక్తనాళాలను కుదించేస్తుందని ఆమె చెప్పింది. దాంతో జబ్బు ముదిరినా చిగురు పెద్దగా ఎర్రబడదు, వాయదు, నెత్తురు కారదు. గారలో ఉన్న బ్యాక్టీరియా వల్ల లోపల ఎముక మాత్రం కరిగిపోతూనే ఉంటుంది. పొగ వల్ల దాన్ని ఎదుర్కొనే బలమూ తగ్గుతుంది, పుండు మానే గుణమూ తగ్గుతుంది. బాపు ఇన్నేళ్ళూ ఆరోగ్యం అనుకున్నది జబ్బు కప్పుకున్న ముసుగు. పొగ తాగేవాళ్ళకు చిగుళ్ళ జబ్బు వచ్చే ముప్పు తాగనివాళ్ళ కంటే రెండింతలు. అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి (సర్జన్ జనరల్) నివేదిక 2004లోనే పొగ దీనికి కారణమని తేల్చింది. బీడీ చిన్నదే కదా అనుకోవద్దు. దానికి ఫిల్టరు లేదు, ఊరికే ఆరిపోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ గట్టిగా గుంజాలి.

మెత్తగా మాట్లాడితే అలవాటు మానరని కొందరంటారు. అందులో నిజముంది. 2008 అక్టోబర్ 2 నుంచి మన దేశంలో పబ్లిక్ స్థలాల్లో పొగ నిషేధం గట్టిగా మొదలైంది కాబట్టే బస్సుల్లో, హోటళ్ళలో పొగ తగ్గింది. నేను దానికి అడ్డం చెప్పను. మన పండుగల్లో కార్ల వెనక సిగరెట్, వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) తాగే మన వయసు మగవాళ్ళనూ వెనకేసుకు రాను. కానీ నిషేధం వేరు, నలుగురిలో నవ్వడం వేరు. ఈ జబ్బు అసలే చప్పుడు చేయదు. మనిషి సిగ్గుతో నోరు కూడా మూసుకుంటే ఇక దాన్ని ఎవరు పట్టుకుంటారు? రెండు వారాలైనా మానని పుండు, నోట్లో తెల్ల మచ్చ ఉన్న మనిషి ఆ లైన్లోంచి వెళ్ళిపోతే అది ఇంకా పెద్ద ప్రమాదం, అవి నోటి క్యాన్సర్ గుర్తులు కావచ్చు.

చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సులు ఇలాంటి వాటికి మామూలుగా పైసా ఇవ్వవు. అందుకే క్లీనింగ్ ఇక్కడ చేయించి, మిగతా చికిత్స హన్మకొండలో పెట్టుకున్నాం. కదులుతున్న రెండు పళ్ళు తీసేశారు. బాపు బీడీ మానేశాడు.

మానిన నెల రోజులకు ఒక రాత్రి ఫోన్. గొంతు వణుకుతోంది. "ఇప్పుడు నెత్తురొస్తుంది బిడ్డా. బీడీ తాగినన్నొద్దులు మంచిగుండె. మళ్ళ మొదలు పెట్టాల్నా?" భయపడొద్దని చెప్పాను. మానేశాక చిగుళ్ళకు రక్తం మళ్ళీ సరిగా అందుతుంది, దాగి ఉన్న వాపు అప్పుడు బయటపడుతుంది. కొందరికి ఇలా అవుతుందని డాక్టరు ముందే చెప్పింది. చెప్పి ఉండకపోతే ఆయన ఆ రాత్రే బీడీ కట్ట తెప్పించుకునేవాడు. మీ ఇంట్లో ఎవరైనా మానేస్తే ఈ ఒక్క మాట ముందే చెప్పండి. ఇండియాలో ఉంటే 1800-11-2356కి ఫోన్ చేయమనండి, మానడానికి ఉచితంగా సాయం చేస్తారు.

ఇక కమిటీ పెద్దలకు, అక్కలకు, అన్నలకు నా మనవి. పళ్ళ పరీక్ష ఈసారీ పెట్టండి, కానీ స్టేజీ పక్కన వద్దు. ఏదైనా క్లాస్‌రూమ్‌లో పెట్టండి, తలుపు వేసి ఉంచండి. షుగర్ ఉందా అని అడిగినట్టే బీడీ తాగుతారా అని మామూలుగా అడగండి. మైకు అక్కడికి తీసుకుపోవద్దు.

బాపు ఈసారి కూడా వస్తున్నాడు, టికెట్ బుక్ చేశాను. లైన్లో నిలబడతావా అని అడిగితే కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మైకుల పేరు సదువుతరా?" అని అడిగాడు. చదవరని చెప్పాను. మిమ్మల్ని అడగకుండానే మీ తరఫున మాటిచ్చాను.